ఎముక అతికేదాకా: ఎముకలు, కీళ్ల రోగుల సేవ నడిచి వచ్చిన దారి

విరిగిన ఎముక తనంతట తానే అతుకుతుంది. వైద్యుడు ముక్కలను వరుసలో పెడతాడు. ఆ వరుస చెదరకుండా వారాల తరబడి కాపలా కాయడం, ఆలోగా మిగతా ఒళ్లు పాడవకుండా చూడడం నర్సు వంతు. పెద్దవాళ్లలో తొడ ఎముక గట్టిపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆపరేషన్లు లేని కాలంలో ఆ మూడు నెలలూ మంచం మీదే గడిచేవి. ఆ మంచం మీద ప్రాణం తీసేవి పడకపుండ్లు, ఊపిరితిత్తులకు పట్టే నెమ్ము, కాలి సిరల్లో గడ్డకట్టే నెత్తురు, మూత్రంలో చేరే చీము. అందుకే ఈ సేవకు మొదటినుంచీ రెండు సూత్రాలు ఉన్నాయి: దెబ్బతిన్న చోటు కదలకూడదు, మిగిలిన శరీరం కదలడం మానకూడదు. రెండూ ఒకదానికొకటి అడ్డుపడేవే. ఏ కాలంలో దేనికి ఎంత చోటిచ్చారన్నదే ఈ సేవ చరిత్ర.

బద్దలు, పట్టీలు, పలకమంచం

ఈ రెండు సూత్రాలూ సుశ్రుత సంహితలో అప్పటికే స్పష్టంగా కనిపిస్తాయి. ఎముక విరగడంలో పన్నెండు రకాలను, కీలు తొలగడంలో ఆరు రకాలను ఆ గ్రంథం వేరుచేసి చెప్పింది. బద్దకట్టుకు ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది చెట్ల బెరడునూ వెదురునూ సూచించింది. కట్టు వదులైతే కీలు నిలవదనీ, బిగువైతే వాపు, నొప్పి, చీము వస్తాయనీ హెచ్చరించింది. కట్టు విప్పి మళ్లీ కట్టే గడువు రుతువును బట్టి మారుతుంది: చలికాలంలో ఏడు రోజులు, సమశీతోష్ణ కాలంలో ఐదు, వేసవిలో మూడు. చెమట పట్టే కాలంలో కట్టు కింది చర్మం త్వరగా చెడుతుందన్న అనుభవం ఈ లెక్కలో ఉంది.

కాలు, తొడ, నడుము విరిగినవారికి పలకమంచం వేసి, దానికి ఐదు మేకులు దిగవేసి అవయవాన్ని కదలకుండా బంధించమంది. కాలి విషయంలో ఇరుపక్కలా రెండేసి మేకులు, అరికాలి దగ్గర ఒకటి. చెయ్యి అతికాక ఏం చేయాలో కూడా చెప్పింది. రోగి మొదట మట్టిముద్ద పట్టుకోవాలి, తర్వాత ఉప్పుగడ్డ, పట్టు కుదిరాక రాయి. తేలికైన దానితో మొదలుపెట్టి బరువు పెంచుకుంటూ పోయే ఈ క్రమమే నేటి ఫిజియోథెరపీలోనూ ఉంది.

ఇవన్నీ రోజూ దగ్గరుండి చూడడానికి ఒక మనిషి కావాలి. చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉండవలసిన గుణాలూ నాలుగే: సేవ చేసే పద్ధతి తెలియడం, పనిలో నేర్పు, రోగి మీద ప్రేమ, శుచి. సేవకు వైద్యంతో సమానంగా ఒక పాదం ఇచ్చిన ఆ దృష్టి తర్వాతి శతాబ్దాల్లో నిలవలేదు. పరిచర్య ఇంటి ఆడవాళ్ల పనిగా మిగిలింది. ఎముకలు కట్టడం కొన్ని కుటుంబాల విద్య అయింది.

ఎముకలు కట్టే కుటుంబాలు

తెలుగునాట ఆ విద్యకు మారుపేరు పుత్తూరు కట్టు. చిత్తూరు సీమలోని పుత్తూరు దగ్గర రాచపాళెంలో ఒకే వంశం 19వ శతాబ్ది చివరి నుంచి ఈ వైద్యం చేస్తూ వచ్చింది. చేత్తో తడిమి ఎముకను సర్ది, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టు కడతారు. పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం అక్కడికి వెళ్తారు. కట్టు కట్టించుకున్న రోగి ఇంటికి వస్తాడు. ఆ తర్వాతి పరిచర్యంతా కుటుంబానిదే.

ఇలాంటి కుటుంబమే బ్రిటన్‌లో ఆధునిక ఎముకల వైద్యానికి పునాది వేసింది. వేల్స్‌లోని ఆంగ్లసీ దీవికి చెందిన థామస్ వంశం తరతరాలుగా ఎముకలు కట్టేది. ఆ వంశంలో 1834లో పుట్టిన హ్యూ ఓవెన్ థామస్ వైద్యవిద్య చదివి లివర్‌పూల్ నగరంలో రేవు కూలీల మధ్య ప్రాక్టీసు పెట్టాడు. ఆదివారాలు పేదలకు ఉచితంగా చూసేవాడు. జబ్బుపడిన కీలుకు విశ్రాంతి కావాలనీ, అది మధ్యలో తెగకుండా చాలాకాలం సాగాలనీ ఆయన సిద్ధాంతం. అందుకోసం తయారుచేసిన ఇనుప చట్రం థామస్ స్ప్లింట్‌గా నేటికీ వాడుకలో ఉంది. గజ్జ దగ్గర తోలు తొడిగిన ఒక వలయం, దాని నుంచి కాలికి రెండు పక్కలా దిగే ఇనుప చువ్వలు, పాదం దాటాక అవి కలిసే చోట ఒక గాడి: ఇంతే దాని నిర్మాణం. కాలిని కిందికి లాగి ఆ గాడికి కట్టేస్తే విరిగిన తొడ ఎముక నిటారుగా నిలుస్తుంది.

ఆ తోలు వలయమే నర్సుకు ఎడతెగని పని పెట్టింది. దాని కింద గజ్జ చర్మం ఒరుసుకుపోతుంది. రోజుకు చాలాసార్లు ఆ చర్మాన్ని కొంచెం కొంచెంగా జరిపి, ఒత్తిడి ఒకే చోట పడకుండా చూడాలి. కడిగి, తడి లేకుండా తుడిచి, పౌడరు అద్దాలి. మూత్రం తడి తగిలి తోలు గట్టిపడకుండా చూడాలి. చట్రం ఎంత బాగా అమరినా, ఈ ఒక్క పని తప్పితే నాలుగు రోజుల్లో పుండు పడి చట్రాన్నే తీసేయవలసి వచ్చేది.

పిండికట్టు, తూకాలు

డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్ 1851లో ప్లాస్టర్ పొడి పట్టించిన గుడ్డపట్టీలను తడిపి చుట్టే పద్ధతి కనిపెట్టి, మరుసటి ఏడు ప్రకటించాడు. మన జనం సిమెంటు కట్టు, పిండికట్టు అని పిలిచేది దీన్నే. గట్టి కట్టుతో పాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. కట్టు లోపల వాపు పెరిగితే దానికి పోయే చోటు లేదు, నెత్తురు ఆగిపోతుంది. బిగుతు కట్ల వల్ల చేతి కండరాలు చచ్చి, వేళ్లు ముడుచుకుపోయే స్థితిని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ ఫోక్‌మన్ 1881లో వివరించాడు. కొన్ని గంటల అశ్రద్ధకు జీవితాంతం మూల్యం చెల్లించవలసి వస్తుందని అప్పటినుంచి వైద్యలోకం గుర్తించింది.

పిండికట్టు వేసిన మొదటి రోజున నర్సు చేసే పరీక్ష అందులోంచే పుట్టింది. కట్టు బయటికి కనిపించే వేళ్ల రంగు చూడాలి. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే నెత్తురు వెంటనే తిరిగి వస్తోందా, స్పర్శ తెలుస్తోందా, వేళ్లు ఆడుతున్నాయా అని గంట గంటకూ చూడాలి. వేళ్లను సాగదీసినప్పుడు నొప్పి విపరీతమైతే వైద్యుడి కోసం వెంటనే కబురు పంపాలి. తడి కట్టును అరచేతులతోనే ఎత్తాలి. వేలికొనలతో పట్టుకుంటే పడే గుంట ఆరాక లోపలివైపు గడ్డలా నిలిచి చర్మాన్ని తొలుస్తుంది. కట్టులోంచి దుర్వాసన వచ్చినా, ఒకే చోట మంట అని రోగి అన్నా, ఆ ఫిర్యాదు మర్నాడు ఆగిపోయినా నర్సు ఊరుకోకూడదు. చర్మం చచ్చిపోయాక నొప్పి కూడా పోతుంది.

బరువులు వేలాడదీసి కాలిని లాగి ఉంచే ట్రాక్షన్ 1861లో అమెరికా సర్జన్ గుర్డన్ బక్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. 1907లో ఫ్రిట్జ్ స్టైన్‌మన్ ఎముకలోంచే మేకు దూర్చి లాగే పద్ధతి తెచ్చాడు. 1909లో మార్టిన్ కిర్ష్‌నర్ మేకుకు బదులు సన్నటి తీగ వాడాడు. ట్రాక్షన్ వార్డులో పని మొదలయ్యేది తాడు చివర నుంచి: తూకం నేలకు గాని మంచానికి గాని ఆనకుండా గాలిలో వేలాడుతోందా, తాడు కప్పీలో సరిగా నడుస్తోందా, మడమ పరుపుకు ఒత్తుకుంటోందా, పాదం కిందికి వాలిపోతోందా. పక్క మార్చేటప్పుడు తూకాన్ని తీయకూడదు. పైన కట్టిన పట్టీని పట్టుకుని రోగి తన ఒంటిని తానే లేపుకొనేలా నేర్పాలి. ఊపిరి గట్టిగా పీల్చి వదిలించాలి, బాగున్న కాలితో వ్యాయామం చేయించాలి. ఒక అవయవాన్ని కట్టేసి మిగిలిన మనిషిని కదిలించే విద్య ట్రాక్షన్ వార్డుల్లో పూర్తి రూపం దిద్దుకుంది.

బాష్‌చర్చ్ పాకలు

ఈ సేవకు ప్రత్యేక శాఖగా గుర్తింపు తెచ్చిన నర్సు ఆగ్నెస్ హంట్. 1866లో పుట్టిన ఆమెకు చిన్నతనంలోనే నెత్తురు విషమెక్కి తుంటి చెడిపోయింది, జీవితాంతం కుంటితనం మిగిలింది. పట్టుదలతో నర్సు శిక్షణ పూర్తిచేసి, 1900లో ఇంగ్లండ్ ష్రాప్‌షైర్ జిల్లా బాష్‌చర్చ్ గ్రామంలో వికలాంగ పిల్లల కోసం ఒక చిన్న ఆసుపత్రి తెరిచింది. స్నేహితురాలు ఎమిలీ గుడ్‌ఫర్డ్ ఆమెకు తోడు నిలిచింది. ఆ ఇంటి మెట్ల మీదుగా నడవలేని పిల్లలను ఎత్తుకెళ్లడం కష్టమై, ఒక పక్క తెరిచి ఉన్న పాకలు తోటలో వేయించి మంచాలు అక్కడికి మార్చారు. పిల్లల్లో చాలామందిది ఎముకల క్షయ. ఎండా గాలీ తగిలేసరికి వాళ్లకు ఆకలి పుట్టింది, ఒళ్లు చేసింది. అవసరం కొద్దీ చేసిన మార్పు వైద్యపద్ధతి అయింది. స్విట్జర్లండ్‌లోని లేజాన్‌లో ఓగ్యూస్త్ రోల్యే ఎముకల క్షయకు సూర్యస్నాన చికిత్స మొదలుపెట్టింది కూడా ఆ కాలంలోనే, 1903లో.

తన తుంటి చూపించుకోవడానికి హంట్ లివర్‌పూల్ వెళ్లింది. అక్కడి సర్జన్ రాబర్ట్ జోన్స్ హ్యూ ఓవెన్ థామస్ భార్యకు మేనల్లుడు, థామస్ దగ్గరే పని నేర్చినవాడు. ఆయన బాష్‌చర్చ్‌కు వచ్చి పిల్లలకు ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టాడు. అక్కడ వాళ్లకు ఒక సత్యం బోధపడింది: ఆపరేషన్ గంటలో అయిపోతుంది, దాని ఫలితం ఇంటికి వెళ్లాక చెడిపోతుంది. కట్టు వదులవుతుంది, చట్రం చిన్నదవుతుంది, పేద తల్లికి మళ్లీ పట్నం తెచ్చే స్తోమత ఉండదు. దానికి విరుగుడుగా 1907 నుంచి చుట్టుపక్కల ఊళ్లలో అనంతర సేవా క్లినిక్కులు వెలిశాయి. శిక్షణ పొందిన సిస్టర్లు వంతుల వారీగా వాటికి వెళ్లి కట్లు సరిచూసేవారు, చట్రాలు సర్దేవారు, తల్లులకు జాగ్రత్తలు నేర్పేవారు, చెడుతున్న కేసులను వెనక్కి పంపేవారు. రోగి ఇంటిదాకా ఆసుపత్రి నడిచి వెళ్లాలన్న ఈ ఆలోచన హంట్ చేసిన మేళ్లన్నిటిలో పెద్దది.

1921లో ఆసుపత్రి ఆస్వెస్ట్రీ పట్టణం దగ్గర ఖాళీ అయిన సైనిక ఆసుపత్రి భవనాల్లోకి మారింది. 1927లో వికలాంగ యువతకు చేతిపనులు నేర్పే డెర్వెన్ శిక్షణ కళాశాల మొదలైంది. నడక వచ్చినంత మాత్రాన చికిత్స ముగియదనీ, మనిషి తన తిండి తాను సంపాదించుకోగలగాలనీ హంట్ నమ్మింది. 1933లో జోన్స్ మరణించాక ఆ ఆసుపత్రికి ఇద్దరి పేర్లూ పెట్టారు. ఒక సర్జన్ పేరు పక్కన నర్సు పేరు సమానంగా నిలిచిన ఆసుపత్రి అది.

యుద్ధం నేర్పినది

మొదటి ప్రపంచ యుద్ధం తొలి రెండేళ్లలో తొడ ఎముక తూటాకు విరిగిన బ్రిటిష్ సైనికుల్లో నూటికి 80 మంది దాకా చనిపోయేవారని నాటి సైనిక వైద్యుల లెక్క. మోసుకొచ్చే దారిలో విరిగిన కొనలు కండను చీల్చేవి, నెత్తురు పోయేది. రాబర్ట్ జోన్స్ ఒత్తిడితో థామస్ స్ప్లింట్ యుద్ధరంగానికే చేరింది. స్ట్రెచర్ మోసేవారికి చీకట్లో కూడా పొరపడకుండా దాన్ని తొడగడం అంకెల వారీగా నేర్పారు, కళ్లకు గంతలు కట్టి సాధన చేయించారు. బూటు, పాంటు విప్పకుండా వాటి మీదే తొడిగేవారు. 1917 నాటికి మరణాలు నూటికి 20 లోపుకు దిగాయి. చట్రాన్ని ఎంత ముందుగా, ఎంత సరిగా తొడిగారన్నదే ఆ తేడాకు ప్రధాన కారణం.

బతికినవారి సంఖ్య పెరిగేసరికి వారిని నెలల తరబడి చూసుకునే వార్డులు అవసరమయ్యాయి. లండన్ షెపర్డ్స్ బుష్‌లోని సైనిక ఎముకల ఆసుపత్రిలో 1916 నుంచి వడ్రంగం, కమ్మరం వంటి పనుల ద్వారానే కీళ్లకు వ్యాయామం చేయించారు. ఎముకల వార్డు నర్సుకు గాయాల శుభ్రత, చట్రాల యంత్రజ్ఞానం, వ్యాయామం మూడూ తెలియాలన్న అవగాహన ఈ యుద్ధంలోనే స్థిరపడింది.

కదలికకు పెరిగిన వాటా

అప్పటిదాకా తూకం విశ్రాంతి వైపే మొగ్గింది. పోలియో వచ్చిన పిల్లల చేతులను, కాళ్లను బద్దలతో నెలల తరబడి బంధించేవారు. ఆస్ట్రేలియా పల్లెల్లో పనిచేసిన ఎలిజబెత్ కెన్నీ దీనికి ఎదురు తిరిగింది. లాంఛనంగా నర్సు పట్టా లేకపోయినా, మొదటి ప్రపంచ యుద్ధకాలపు సైనిక సేవలో ఆమెకు సిస్టర్ హోదా దక్కింది. ఉన్ని గుడ్డలను వేడినీళ్లలో ముంచి, పూర్తిగా పిండి, పట్టేసిన కండరాల మీద చుట్టేది. నొప్పి తగ్గాక కీళ్లను నెమ్మదిగా ఆడించి, ఏ కండరంతో ఏ కదలిక చేయాలో బిడ్డకు మళ్లీ నేర్పేది. వైద్యులు చాలామంది ఎగతాళి చేశారు. 1940లో ఆమె అమెరికా వెళ్లింది, 1942లో మినియాపొలిస్‌లో ఆమె పేరుతో సంస్థ వెలిసింది. జబ్బు మూలం గురించి ఆమె చెప్పిన సిద్ధాంతం నిలవలేదు. ఆమె సేవాపద్ధతి మాత్రం వార్డుల్లో నిలిచింది, బద్దలతో బంధించడం వెనుకబడింది.

వెన్నెముక విరిగి కాళ్లు పడిపోయినవారి కథ ఇంకా దయనీయం. వారిలో చాలామంది పడకపుండ్లతోనూ మూత్రకోశ వ్యాధులతోనూ నెలల్లోనే పోయేవారు. నాజీ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన లుడ్‌విగ్ గుట్‌మన్ 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుదెబ్బల విభాగం తెరిచాడు. ఆయన పెట్టిన నియమం రాత్రనక పగలనక రెండు గంటలకొకసారి పక్క మార్చడం. ముగ్గురు నలుగురు కలిసి, తల నుంచి పాదాల దాకా ఒకేసారి, దుంగను దొర్లించినట్టు వెన్ను మెలిపడకుండా తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ త్రికం, తుంటి, మడమలు చూసి ఎర్రబడిన చోటు ఉందేమో పట్టుకోవాలి. ఈ నియమంతో రోగులు బతికారు, తర్వాత ఆటలాడారు. 1948లో ఆ ఆవరణలో జరిగిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్స్‌కు మొదలు. పడకపుండు పడే ప్రమాదాన్ని ముందే లెక్కగట్టే కొలమానాన్ని బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ తన సహచరులతో కలిసి 1962లో ఇచ్చింది. ఒంటి స్థితి, తెలివి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే ఐదు అంశాలకు నాలుగేసి మార్కులు. మొత్తం 14 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే ప్రమాదమే.

ఎముకల క్షయలోనూ మంచాన్ని మందు జయించింది. 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్, తర్వాతి మందులు వచ్చాక ఏళ్ల తరబడి పడుకోబెట్టడం అవసరమా అన్న ప్రశ్న లేచింది. బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో కొరియా, మద్రాసు వంటి చోట్ల వెన్నెముక క్షయ మీద అధ్యయనాలు జరిగాయి. మందులు సరిగా వాడితే రోగి మొదటినుంచీ నడుస్తూ తిరుగుతూ కూడా కోలుకుంటాడని అవి తేల్చాయి. అప్పటినుంచి ఆ రోగి విషయంలో నర్సుకు ప్రధాన బాధ్యత మందు మానకుండా చూడడం. కీళ్లవాతంలోనూ ఇదే జరిగింది. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ వాడింది మొదలు, మందుల మంచిచెడ్డలు కనిపెట్టడం సేవలో పెద్ద భాగమైంది.

వెల్లూరు, హైదరాబాద్, తిరుపతి

దక్షిణ భారతంలో ఈ సేవకు బడి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల. ఇడా స్కడర్ 1909లోనే అక్కడ నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల ముడుచుకుపోయిన చేతులకు ఆపరేషన్లు చేశాడు. ఆపరేషన్‌కు ముందూ వెనకా చేయించే వ్యాయామమే ఆ చేతులకు పని నేర్పింది. అక్కడి వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు పోగొట్టుకుంది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, పునరావాస వైద్యం అభ్యసించి వచ్చింది. 1966లో అక్కడ వెలిసిన పునరావాస సంస్థకు ఆమె నాయకురాలు. సరిహద్దు అవతలే ఉన్న చిత్తూరు సీమ జనానికి వెల్లూరు మొదటినుంచీ దగ్గరి దిక్కు.

హైదరాబాద్‌లో 1960వ దశకంలో నిజాం ధర్మనిధితో పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి వెలిసింది. నేడు నిమ్స్‌గా అందరికీ తెలిసిన సంస్థకు మూలం అదే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి పోలియో బారినపడిన పిల్లల అవయవాలు సరిచేసే శస్త్రచికిత్సలతో పేరు తెచ్చుకుంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014 మార్చిలో భారత్‌ను పోలియో రహితంగా ప్రకటించారు. ఎముకల వార్డుల్లో పోలియో పిల్లల మంచాలు ఇప్పుడు రోడ్డు ప్రమాదాల క్షతగాత్రులవీ, తుంటి విరిగిన వృద్ధులవీ అయ్యాయి.

తగ్గిన పడక రోజులు

ఎముక లోపల ఊచ దించి నిలబెట్టే పద్ధతిని గెర్హార్డ్ క్యూన్‌చర్ 1939లో జర్మనీలో మొదలుపెట్టాడు. 1958లో స్విస్ సర్జన్ల బృందం ప్లేట్లు, స్క్రూల వాడకానికి శాస్త్రం కట్టింది. 1962లో జాన్ చార్న్‌లీ ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో నేటి తుంటికీలు మార్పిడికి మాదిరిగా నిలిచిన కృత్రిమ కీలును అమర్చాడు. ట్రాక్షన్‌లో మూడు నెలలు గడిపే రోగి కొద్ది రోజుల్లోనే వాకర్ పట్టుకు నిలబడసాగాడు. ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో సర్జన్ డెవాస్, వృద్ధుల వైద్యుడు అర్విన్ కలిసి నడిపిన వార్డు తుంటి విరిగిన ముసలివాళ్లను త్వరగా లేపడంలో దారి చూపింది. 2011లో బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు ఆసుపత్రిలో చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్, ఆ మరుసటి రోజు నుంచే నడక అని నిర్దేశించాయి.

పడక రోజులు తగ్గేసరికి సేవ గంటల్లోకి చిక్కబడింది. మార్చిన తుంటికీలు జారిపోకుండా రెండు కాళ్ల మధ్య దిండు, కాలు మీద కాలు వేయవద్దన్న హెచ్చరిక, పిక్క వాపును గమనించడం, తెలివి తప్పి కలవరించే వృద్ధుణ్ణి కనిపెట్టి ఉండడం, నొప్పి మందు వేసిన వేళకు సరిపడేలా లేపి నడిపించడం మొదటి రెండు రోజుల్లోనే జరగాలి. మూడు నెలల్లో నేర్పే పాఠం ఇంటికి పంపేలోగా చెప్పెయ్యాలి.

ఆ పాఠం వినేది మన దేశంలో ఎక్కువగా రోగి పక్కన కూర్చున్న కూతురో, కోడలో, భర్తో. సర్కారు ఆసుపత్రి వార్డులో ఒక్కో సిస్టర్ మీద పడే మంచాల భారం వల్ల పక్క మార్చేదీ, బెడ్‌పాన్ పెట్టేదీ చాలాచోట్ల కుటుంబమే. మడమ కింద దిండు ఎక్కడ పెట్టాలి, చంకకర్ర ఎత్తు ఎంత ఉండాలి, కట్టు కింద వేళ్లు నీలంగా మారితే ఎంత త్వరగా రావాలి అన్నవి ఇంటికి వెళ్లేముందు వాళ్లకు చేసి చూపించి, వాళ్ల చేత చేయించి చూడాలి. ఆగ్నెస్ హంట్ సిస్టర్లు ష్రాప్‌షైర్ తల్లులకు నేర్పింది ఇదే. ఎముకల వార్డులో సిబ్బందిని, సమయాన్ని లెక్కవేసేటప్పుడు ఈ బోధనను కూడా చికిత్సలో భాగంగా లెక్కవేయాలి. మంచి ఆపరేషన్ చేసిన ఎముక కూడా దాన్ని కాపాడే చేతులు ఉన్నప్పుడే అతికి, మనిషిని మళ్లీ పనికి నడిపిస్తుంది.